తొమ్మిది బస్తాల పెరడు

ఉలి మొనని మురుగుకాలవ పక్క అంచు మీద ఆనించి మేస్త్రి సుత్తి ఎత్తాడు. గచ్చు పగలగొట్టేవాడు మధ్యలో మొదలుపెట్టకూడదు. మధ్యలో కొడితే దెబ్బంతా మణికట్టుకే తిరిగొస్తుంది. అంచున కొడితే పగులు పోవడానికి ఒక దారి దొరుకుతుంది. ఇంత తెలిసి కొట్టినా, మొదటి పాతిక దెబ్బలకి కాస్త తెల్లపొడి తప్ప ఏమీ రాలలేదు.

"గట్టిగానే పోశాడెవడో," అన్నాడు పక్కింటి పెద్దాయన, గోడ మీద మోచేతులాన్చి. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరై, నాలుగేళ్ళ కిందట ఆ ఇంట్లో దిగాడు. అప్పట్నించీ వీధిలో ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి తోలుతుంటాడు.

"నేనే పోశానండీ," అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

"తెలిసే అన్నానులే. పోసేదీ నువ్వే, పగలగొట్టేదీ నువ్వే. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని తెలిస్తే నేనూ బస్సుని పొద్దున్న ముందుకీ సాయంత్రం వెనక్కీ తోలుకుంటూ బతికేవాణ్ణి."

"నువ్వు చేసిందీ అదేగా బాబాయ్, ముప్ఫై ఏళ్ళు," అంది మేస్త్రి అక్క. ఆవిడ వెనక గుమ్మంలో కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. వీధిలో సగం మందికి ఆవిడే బట్టలు కుడుతుంది. భర్త పోయి మూడేళ్ళయింది. ఆ చిన్న ఇల్లూ, కుట్టుమిషనూ, ఆ వెనకాల పెరడూ ఆవిడ లోకం.

పెద్దాయన నవ్వుకుంటూ గోడ దగ్గర్నించి వెళ్ళిపోయాడు. మేస్త్రి నవ్వలేదు. ఇరవై ఆరో దెబ్బ వేశాడు. సన్నటి వెంట్రుకలాంటి పగులు ఒకటి అంచు నుంచి జానెడు పాకింది.

పనివాళ్ళలో అతన్ని మట్టం మేస్త్రి అంటారు. వాలు చూసే రసమట్టం చేతిలో లేకుండా రెండు ఇటుకలు కూడా పేర్చడని ఆ పేరు. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. కుర్రతనంలో పాత ఇళ్ళు పడగొట్టే పనికి వెళ్ళి, గోడ లోపల ఎవరు ఏం పెట్టారో చూసి, ఏ గోడ ఎందుకు నిలిచిందో ఏది ఎందుకు కూలిందో చూసి నేర్చుకున్నాడు. మాటలు తక్కువ. పని చూపించి పక్కకి తప్పుకోవడం అలవాటు.

ఆ పెరడు అతని చేతి పనుల్లో మంచిదని చెప్పుకోవాలి. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడుగు, నాలుగంగుళాల మందం. ఎనిమిదేళ్ళలో ఒక్క పగులు రాలేదు. ఏ మూల బకెట్టు నీళ్ళు కుమ్మరించినా క్షణంలో కాలవలోకి జారిపోతాయి. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళని కూడా అక్క వెనక గుమ్మం దాకా తీసుకొచ్చి, "మా తమ్ముడు పోశాడు, చూడండి," అని చూపించేది. ఆ మాట అన్నప్పుడల్లా తమ్ముడు చెప్పుల కోసం వెతుక్కునేవాడు.

ఎందుకంటే ఆ గచ్చు కింద ఏముందో అతనికొక్కడికే తెలుసు.

ఎనిమిదేళ్ళ కిందట, ఎండలు మండిపోతున్న రోజుల్లో, బావ నిచ్చెన మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నలభై రోజులు ఆసుపత్రి. అక్క ఇంటికి తాళం వేసి మంచం పక్కనే ఉండిపోయింది. తాళంచెవి తమ్ముడి దగ్గర పెట్టింది. అప్పుడు మేస్త్రి కడుతున్న ఇంటి పని, ఆ ఇంటి యజమానులైన అన్నదమ్ములు కొట్టుకోవడంతో మధ్యలో ఆగిపోయింది. అక్కడి రేకుల షెడ్డులో తొమ్మిది బస్తాల సిమెంటు మిగిలిపోయింది. ఆసుపత్రి రోజులు అయిపోవస్తుండగా మబ్బులు పట్టాయి. సిమెంటుకి తేమ తగిలితే నెల తిరక్కుండా రాయైపోతుంది. తొమ్మిది బస్తాలు కళ్ళముందే రాళ్ళవుతుంటే చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు. అన్నం నేలపాలైనట్టే ఉంటుంది అతనికి.

అక్క పెరడు గుర్తొచ్చింది. అది మట్టి పెరడు, వానొస్తే బురద. రేపు బావ కర్ర పట్టుకుని ఎలా నడుస్తాడు? ఆ ఆలోచనా నిజమే. కానీ ముందు గుర్తొచ్చింది బస్తాలు. బావ కాలు తర్వాత గుర్తొచ్చింది. ఆ వరస తేడా ఎవరికీ తెలియకపోయినా అతనికి తెలుసు.

గోడ మూలన మల్లె ఉండేది. అక్క చేత్తో నాటిన కొమ్మ, పన్నెండేళ్ళది, గోడంతా అల్లుకుంది. సరిగ్గా నీళ్ళ వాలు వెళ్ళాల్సిన చోట దాని మొదలుంది. దాన్ని ఉంచి చుట్టూ పోస్తే వాలు చెడుతుంది. వాలు చెడిన పని మట్టం మేస్త్రి చెయ్యడు. రంపం తీసుకుని నేలమట్టానికి కోసేశాడు. కోస్తుంటే కొమ్మలు ఊగి మొగ్గలు అతని మెడ మీదా వీపు మీదా రాలాయి.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి గచ్చు సంగతి చెప్పాడు. అక్క మొహం వెలిగింది. ఆ వెంటనే, "మరి మల్లె?" అంది.

"అది ఎండిపోయిందక్కా," అన్నాడు. ఎలా వచ్చిందో ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

"నాదే తప్పు," అంది అక్క. "వచ్చే హడావుడిలో నీళ్ళు పొయ్యమని నీకు ఒక్క మాట చెప్పలేదు."

బావ ఇంటికొచ్చిన రోజు వెనక గుమ్మంలో నిలబడి మూలకి చూశాడు. "నేను నీళ్ళు పొయ్యక చంపుకున్నానండీ," అంది అక్క, తప్పు చేసిన పిల్లలా. మేస్త్రి బట్టల సంచి పట్టుకుని వెనకాలే నిలబడ్డాడు. అప్పుడైనా చెప్పొచ్చు. సంచి కింద పెట్టి, పనుందని వెళ్ళిపోయాడు.

తర్వాత రోజులు గడిచిన కొద్దీ చెప్పడం మరీ కష్టమైంది. చెప్పకపోవడమే అలవాటైపోయింది.

వారం కిందట మేస్త్రి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు, బట్టలు కుట్టించుకునే ఒకావిడ డబ్బాలో వేళ్ళూనిన మల్లె కొమ్మ తెచ్చింది. అక్క దాన్ని ముట్టుకోలేదు. "వద్దమ్మా, ఏమనుకోకు. నా చేతిలో మొక్క బతకదు. పన్నెండేళ్ళ మల్లెనే చంపుకున్నదాన్ని."

మేస్త్రి చేతిలో వాషరు జారి కాలవలో పడింది.

ఆ తర్వాత ఆదివారమే ఉలీ సుత్తీ సమ్మెటా మోసుకొచ్చాడు. ఎండాకాలం గచ్చు కాలిపోతోందనీ, పెరట్లో నాలుగు పూలమొక్కలు పెడితే చల్లగా ఉంటుందనీ అన్నాడు. ఒక్క పగులు రానిదాన్ని పగలగొడతావా, మతి ఉండే మాట్లాడుతున్నావా అని అక్క పోట్లాడింది. అతను వినలేదు. మనసులో లెక్క వేరు. ఇక్కడ తోట లేస్తుంది. అక్క చేతి నీళ్ళతో పువ్వు పూస్తుంది. అప్పుడు తన చెయ్యి మంచిదేనని అక్కకే తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ అబద్ధం, నోరు తెరవకుండానే చెరిగిపోతుంది.

పగలగొట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. బల్లపరుపుగా విరిగిన పెద్ద ముక్కలు ఏరి, గుమ్మం నుంచి కాలవ దాకా కాలిబాటగా పరిచాడు. మూడో ఆదివారం మూలన గునపం వేస్తే మల్లె మొదలు బయటపడింది. ఎండి నల్లబడి ఉంది. పైన మాత్రం రంపం కోత, బల్ల మీద చెక్కినట్టు నున్నగా. అక్క లోపల మిషను తొక్కుతోంది. మేస్త్రి అటూ ఇటూ చూసి, దాన్ని రాళ్ళ బస్తాలో అడుక్కి తోసేశాడు. రెండోసారి దాచాడు.

నర్సరీ ఊరి చివర ఉంది. దాన్ని నడిపేది ఒక ముసలావిడ. ఆవిడ వేళ్ళ సందుల్లో మట్టి ఎప్పుడూ పోదు, నోట్లోంచి వెటకారమూ పోదు.

"తొందరగా చావని మొక్కలు ఏమున్నాయమ్మా?" అనడిగాడు మేస్త్రి.

"అలాంటివి ప్లాస్టిక్‌లో వస్తాయి. బజార్లో అడుగు." మళ్ళీ తనే మెత్తబడింది. "ఎండ బాగా వస్తుందా? అయితే మల్లె పెట్టు."

"మల్లె వద్దు," అన్నాడు చప్పున.

ముసలావిడ అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, రెండు గులాబీలూ ఒక మందారం ఒక నందివర్ధనం మూడు చామంతులూ తీసి పెట్టింది.

మట్టి పనిలోకి దిగాక మేస్త్రికి ధైర్యం వచ్చింది. ఇది తనకి తెలిసిన పని. నేల అడుగు లోతు తవ్వి, ఎర్రమట్టీ ఎరువూ కలిపి ఆరంగుళాల పొర పోశాడు, తడిపాడు, గట్టిపడేదాకా దిమ్మిస వేసి కొట్టాడు. మీద ఇంకో పొర, మళ్ళీ దిమ్మిస. అలా మూడు పొరలు. ఇంటి నేల కింద మట్టి అలాగే నింపుతారు, లేకపోతే రేపు కుంగుతుంది. పైన రసమట్టం పెట్టి కాలవ వైపు వాలు సరిచూశాడు. ఆఖర్న ఉలితో ఏడు గుంతలు చెక్కి మొక్కలు నిలబెట్టాడు, స్తంభాలు నిలబెట్టినట్టు. గోడ మీంచి చూసిన డ్రైవరు పెద్దాయన, "బస్సు కూడా ఆపుకోవచ్చయ్యా దీనిమీద," అన్నాడు. మేస్త్రి దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

పది రోజులు అక్క పొద్దున్నా సాయంత్రం చెంబుతో నీళ్ళు పోసింది. మొదట వెనక గుమ్మంలోంచే, తర్వాత కాలిబాట మీదికి దిగి. పోసిన నీళ్ళు పోసినట్టే కాలవలోకి పోయాయి. పదకొండో రోజు మేస్త్రి వచ్చేసరికి చామంతులు తలలు వాల్చేశాయి. గులాబీ ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. అక్క చెంబు పట్టుకుని కాలిబాట మీద నిలబడి ఉంది.

"నేను చెప్పలేదూ," అంది మెల్లగా.

మేస్త్రి ఒక ఆకు తెంపి జేబులో పెట్టుకుని నర్సరీకి పరిగెత్తాడు. ముసలావిడ ఆకు చూసింది, అతని మొహం చూసింది, సంచి తగిలించుకుని తనే బయల్దేరి వచ్చింది.

పెరట్లోకి దిగి ముందు మొక్కని చూడలేదు ఆవిడ. వంగి మట్టిలోకి వేలు గుచ్చబోయింది. వేలు దిగలేదు. ఇంకోచోట గుచ్చింది. అక్కడా దిగలేదు.

"దిమ్మిస కొట్టావా?"

"మూడు పొరలు," అన్నాడు మేస్త్రి.

"మట్టం కూడా పెట్టుంటావు."

"పెట్టానమ్మా."

ముసలావిడ నడుం పట్టుకుని నవ్వింది. "మొక్కలకి గది కట్టావయ్యా. తలుపు పెట్టడం మర్చిపోయావు. వేరు ఎక్కడికి పోతుంది? నీళ్ళు ఎటు దిగుతాయి?" గుంత అంచు గోకి ఒక గుప్పెడు తీసి చూపించింది. తెల్లటి సిమెంటు పొడి, కంకర. "ఇదంతా ఏరి పారెయ్. మట్టి తిరగేసి గుల్ల చెయ్. ఇటుకలు పేర్చేవాడివి, నీకేం తెలుస్తుంది పాపం. నీళ్ళు పోసిన ఈ అమ్మ తప్పయితే అసలే లేదు."

"లేదండీ, నా చెయ్యే అంత," అంది అక్క. "ఇక్కడే మూలన మల్లె ఉండేది. పన్నెండేళ్ళది. మా ఆయన్ని ఆసుపత్రిలో పెట్టిన నలభై రోజులూ నీళ్ళ మాటే మర్చిపోయాను. ఎండిపోయింది. ఆయనకి అదంటే ప్రాణం. పోయే ముందు వారం కూడా, ఆ మల్లె ఉంటే కిటికీ తీసుకుని పడుకునేవాణ్ణి అన్నారు. ఏం చెప్పను? నేనే చంపానని మళ్ళీ చెప్పాను."

ముసలావిడ నవ్వు ఆగిపోయింది. "పన్నెండేళ్ళ మల్లె నలభై రోజులకి చావడమేంటి? ఆకు రాలుస్తుంది. రెండు వానలు పడితే మళ్ళీ చిగురేస్తుంది." మేస్త్రి వైపు తిరిగింది. "ఇదంతా తవ్వింది నువ్వేగా. వేరు ఎలా ఉంది?"

మామూలుగా అడిగింది ఆవిడ, పనివాడు పనివాణ్ణి అడిగినట్టు. ఎండిపోయి ఉందని ఒక్క మాట అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. మేస్త్రి నోరు తెరిచాడు.

"కోసి ఉంది," అన్నాడు.

"ఏంటి?" అంది అక్క.

"రంపంతో కోసి ఉందక్కా. నేనే కోశాను. అది ఎండిపోలేదు. అప్పటికి పచ్చగానే ఉంది."

ముసలావిడ ఇద్దరినీ చూసి, సంచి భుజానికెత్తుకుని, చప్పుడు కాకుండా పక్క సందులోంచి వెళ్ళిపోయింది.

"మొగ్గలున్నాయా?" అనడిగింది అక్క.

"ఉన్నాయి."

"మరి ఎందుకు కోశావు?"

"వాలుకి అడ్డం వచ్చింది." అక్కడితో ఆగుదామనుకున్నాడు. ఆగలేకపోయాడు. "తొమ్మిది బస్తాలు మిగిలిపోయాయక్కా. వానలొస్తే రాయైపోతాయని... బావ కోసమని మీ ఇద్దరికీ చెప్పాను. ముందు బస్తాల కోసమే."

"మీ బావకి నేను చెప్పినప్పుడు నువ్వు వెనకాలే ఉన్నావు."

"ఉన్నాను."

"సంచి పట్టుకుని నిలబడ్డావు."

"అవునక్కా."

అక్క చెంబు కాలిబాట మీద పెట్టి, గడప దాటి లోపలికి వెళ్ళింది. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది. గుడ్డ తిప్పుకోవడానికి కూడా ఆపకుండా చాలాసేపు తొక్కింది. మేస్త్రి చెప్పులేసుకుని వెళ్ళబోయి, మళ్ళీ వెనక్కొచ్చి పార తీసుకున్నాడు.

ఆ తర్వాత రెండు వారాలు కూలి పనికి పోలేదు. రోజూ వచ్చాడు. దిమ్మిసతో కూరిన మట్టినంతా రెండడుగుల లోతు తవ్వి పైకి తీశాడు. ఇసుక జల్లెడ తెచ్చుకుని పారెడు పారెడు జల్లించాడు. జల్లెడలో మిగిలిన ప్రతి కంకర ముక్కా ప్రతి సిమెంటు పెచ్చూ తన చేతులతో తనే ఏరాడు. ఎనిమిదేళ్ళ కిందట అంత శ్రద్ధగా పోసినవాడు ఇప్పుడు అంత శ్రద్ధగానే ఏరుకోవలసి వచ్చింది. వేళ్ళ చివర్లు పగిలాయి. ఎరువూ ఎండుటాకులూ కలిపి మట్టి వదులుగా, పోసింది పోసినట్టు వదిలేశాడు. ఎగుడుదిగుడుగా ఉంది. రసమట్టం ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాడు. చెయ్యి మాత్రం మాటిమాటికీ సంచిలోకి పోయేది.

అక్క మధ్యాహ్నం గడప మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళేది. పాలిష్ పనికి వచ్చినవాడికీ పెడుతుంది అలాగే. ఒకసారి తల పక్కకి తిప్పుకుని, "మేస్త్రీ, బట్టలు ఆరేస్తున్నాను, దుమ్ము రేపకు," అంది. పుట్టి బుద్ధెరిగాక అక్క అతన్ని అలా పిలవలేదు. అతను జల్లెడ పక్కన పెట్టి, బట్టలు ఆరేదాకా నీడలో కూర్చున్నాడు.

"మీ అక్క ఈమధ్య నన్ను ఏమీ అనట్లేదేంటయ్యా?" అన్నాడు డ్రైవరు పెద్దాయన గోడ మీంచి, గొంతు తగ్గించి. "రెండు వారాలుగా జోకులేసినా తిరిగి రావట్లేదు. ఒంట్లో బాలేదా?"

"నా వల్లేనండీ," అన్నాడు మేస్త్రి.

పెద్దాయన గోడకి ఆనించి ఉన్న ఖాళీ తట్ట అందించి వెళ్ళిపోయాడు.

మట్టి పని ఇక ఒక్క రోజు ఉందనగా గుమ్మంలోంచి అక్క గొంతు వినిపించింది. "మల్లె తీసుకురా."

మేస్త్రి వెనక్కి తిరిగేసరికి ఆవిడ లేదు.

నర్సరీ ముసలావిడ వాడిపోయిన ఏడింటి బదులు కొత్త మొక్కలిస్తూ ఒక్కటే మాట అంది. "ఈసారి నువ్వు నాటకు. గుంతలు తియ్యి, చాలు." ఎలా ఉన్నారని ఎవరి గురించీ అడగలేదు. మల్లె మాత్రం వరసలన్నీ వెతికి, మొదలు గట్టిపడినది ఏరి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నే ఎనిమిది గుంతలు తీశాడు. ఎనిమిది మొక్కల్నీ నీడన వరసగా పెట్టాడు. ఒక్కో గుంత చుట్టూ నీళ్ళు నిలవడానికి చేత్తో పాదు కట్టాడు. కుళాయికి రబ్బరు పైపు తగిలించి, మల్లె గుంత దాకా అందుతోందో లేదో లాగి చూశాడు. కాలిబాట ఊడ్చాడు. పనిముట్లు కడిగి సంచిలో వేసుకున్నాడు. అప్పుడు గుమ్మం ముందు నిలబడ్డాడు, ఏ ఇంటి యజమాని ముందైనా నిలబడినట్టు.

"అక్కా, నా పని అయిపోయింది. ఓసారి చూసుకో."

అక్క దిగి వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. మెడలో టేపు తీసి గులాబీల మధ్య దూరం కొలిచింది, సరిపోయింది. మూలకి వెళ్ళి గోడ నుంచి మల్లె గుంతకి కొలిచింది.

"అడుగే వదిలావు."

"అడుగు చాలదా?"

"అడుగున్నర కావాలి. ముందుదానికి అంతే వదిలాను నేను."

మేస్త్రి సంచి విప్పి పార తీశాడు. తీసిన గుంత పూడ్చి, అరడుగు ఇవతల కొత్తది తీశాడు. మళ్ళీ పాదు కట్టాడు. అక్క పక్కనే నిలబడి చూసింది. మట్టి గడ్డ ఒకటి గుంతలో పడితే వంగి తనే తీసి పారేసింది.

మళ్ళీ కొలిచింది.

"సరిగ్గా ఉంది," అంది. చెయ్యి చాపింది. మేస్త్రి పైపు ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ ఇంకో మాట అంటుందేమోనని కాసేపు నిలబడ్డాడు. అక్క టేపు మెడలో వేసుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, నీడలో ఉన్న మొక్కల వైపు వెళ్ళింది. మేస్త్రి పారకంటిన మట్టి కాలితో రాల్చి, సంచి భుజాన వేసుకుని, పక్క సందులోంచి వీధిలోకి నడిచాడు.